తడి ఆరని బొమ్మలు

మాస్టారి చెల్లెలు పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చునేది. బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుట్టడం ఆమె పని. పది కొట్టేసరికి లేచి అన్నయ్యకు టీ ఇచ్చేది. ఆయన తాగి, గ్లాసు కిటికీలో పెట్టి "ఊఁ" అనేవాడు. ముప్పై ఐదేళ్ళు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి, ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ మంగళవారం "ఊఁ" వినబడలేదు. వెళ్ళి చూస్తే టీ మీద మీగడ కట్టి ఉంది. మాస్టారు కుర్చీలోనే పోయాడు.

బుధవారం నుంచి ఊళ్ళో బొమ్మలు తడవడం మొదలైంది. మాస్టారు ఎప్పుడో బడిలో చెయ్యి పెట్టి దిద్దిన పిల్లల బొమ్మలన్నీ, ఎవరింటి గోడమీదవి వాళ్ళింట్లోనే, ఇప్పుడే వేసినట్టు పచ్చిగా అయిపోయాయి. గోడలు పాడవుతాయని జనం వాటిని దించి, రెండు చేతులమీద వెల్లకిలా పట్టుకుని మాస్టారింటికి తెచ్చారు. మరెక్కడికి తీసుకెళ్తారు? చెల్లెలు గదుల్లో దండేలు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీసింది. "చూసుకుని నడవండి, చొక్కాకి అంటుకుంటుంది" అనడం తప్ప ఎవరూ మరో మాట అనలేదు.

తెచ్చినవాళ్ళు వెంటనే వెళ్ళిపోలేదు. కూర్చుని మాస్టారి గురించి చెప్పుకున్నారు.

"నాకు రంగులు కొనే దిక్కు లేదమ్మా. మాస్టారు ఇటుక పొడి నూరి ఎరుపిచ్చారు, బట్టల నీలి కలిపి ఆకాశమిచ్చారు" అంది ఆస్పత్రి నర్సు.

"నేను లారీ బొమ్మ వేశా. అది గాల్లో వేలాడుతోంది" అన్నాడు లారీ డ్రైవరు. "మాస్టారు చక్రాల కింద ఒక్క గీత గీసి, 'ఇక పోనీరా' అన్నారు. అప్పట్నుంచి పోనిస్తూనే ఉన్నా."

అందరూ నవ్వి, కళ్ళు తుడుచుకుని, మొహాలకు రంగులు పులుముకున్నారు. చెల్లెలు ఏడవలేదు. వాళ్ళు చెప్పే మనిషితో తనకు పరిచయం లేనట్టు విన్నది.

ఆదివారం మాస్టారి కొడుకు వ్యాను తెచ్చాడు. ఇల్లు ఖాళీ చెయ్యాలని అనుకున్నారు. మేనత్తను తనింటికి తీసుకుపోతాడు. వంటగది పక్కన మంచం వేయించాడు. పిల్లల్ని చూసుకునే మనిషి కావాలని అతని భార్య ఎప్పట్నుంచో అంటోంది. ఆమె సరేనంది. కాదనడానికి తనకంటూ ఏముందని?

లారీ డ్రైవరు సాయానికి వచ్చి మాస్టారి ట్రంకుపెట్టె తెరిచాడు. అట్టల అడుగున ఒక బొమ్మ దొరికింది. పొయ్యి దగ్గర కూర్చునే నిద్రపోయిన ఆడమనిషి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"ఇదెవరు వేశారమ్మా?"

ఆమె గుర్తుపట్టింది. అందులో ఉన్నది వాళ్ళమ్మ. తనకు పదిహేనేళ్ళప్పుడు అన్నయ్య రంగులు అడక్కుండా తీసి, తనే వేసి చూపించింది. అన్నయ్యకప్పుడే ఉద్యోగమొచ్చింది. చాలాసేపు చూసి, "అక్కడ పెట్టు" అని బయటికెళ్ళిపోయాడు. మళ్ళీ దాని ఊసెత్తలేదు. తనకు చెయ్యి తిరగదని ఆమె అనుకుంది. కుట్టు నేర్చుకుంది.

డ్రైవరు బొమ్మమీద వేలితో రాసి చూశాడు. రంగు అంటలేదు.

"పొడిగా ఉందే! మాస్టారి చెయ్యి దీనిమీద పడలేదన్నమాట." అతను బొమ్మను వెలుతురులోకి తిప్పాడు. "ఇన్‌స్పెక్షనుకొచ్చిన పెద్దాయన సరదాకి కాకిని గీస్తే, దానికీ ముక్కు దిద్దిన మనిషమ్మా ఆయన. ఇందులో దిద్దడానికేం కనబడలేదేమో."

"కనబడకపోతే ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

ఆ అరుపుకి వ్యాను దగ్గరున్న మేనల్లుడు లోపలికొచ్చాడు.

"ఏమైందత్తా?"

ఆమె బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది వేసి నలభై ఎనిమిదేళ్ళు. అన్నయ్య అసూయపడ్డాడో, భయపడ్డాడో, మాట రాలేదో. అడగడానికి మనిషి లేడు.

"నేను రానురా."

"ఒక్కదానివే ఇక్కడేం చేస్తావ్?"

"అద్దె సంగతి ఇంటాయనతో నేను మాట్లాడుకుంటాను. వ్యానులోంచి మిషను కిందకి దించు."

అతను నచ్చజెప్పి, విసుక్కుని, చివరికి మిషను దించి ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు. డ్రైవరు కూడా తలుపు చేరవేసి వెళ్ళిపోయాడు.

కాలరుకి వేసే గట్టి కాగితమొకటి తీసి ఆమె బల్లమీద పరిచింది. ఒక గీత గీసింది. అది వంకర పోయింది. తప్పో ఒప్పో చెప్పేవాళ్ళెవరూ లేరు. అప్పుడు, అన్నయ్య పోయాక మొదటిసారి, ఆమెకు ఏడుపొచ్చింది. పళ్ళు బిగించి, కోపంగా, చాలాసేపు ఏడ్చింది.

తర్వాత ముక్కు చీదుకుని, రెండో గీత గీసింది.