ట్రంపెట్ల పక్కన కుర్చీ

రెండో వరసలో ఓ కుర్చీ కిర్రుమంది. బాబాయ్ దాన్ని అటూ ఇటూ ఊపి చూసి, కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాడు. వాయించేవాళ్లంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ హాల్లో ఆర్కెస్ట్రాకు కుర్చీలూ స్టాండ్లూ వేసేది ఆయనే. వయొలిన్ల కుర్చీల మధ్య మూరెడు ఎడం. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. వాద్యం మొదలైతే పక్కతలుపు వెనక నిలబడడం ఉద్యోగం. ఇన్నేళ్ల సంగీతమూ పక్కింటి పెళ్లి సందడిలా తలుపు సందులోంచే విన్నాడు.

ఇవాళ్టితో ఆ ఉద్యోగం ఆఖరు. మేనేజరు ఆయన కోసం ప్రేక్షకుల్లో చివరి వరసలో సీటు ఉంచాడు. "లోపల కూర్చుని విని రండి. ఎలా ఉందో చెప్పకపోతే తలుపు తియ్యను," అని పొద్దున భార్య బెదిరించి పంపింది.

సాయంత్రం రష్యా సంగీతం. శాక్సాఫోన్ వాయించే అమ్మాయి రైలు ఆలస్యమై, అందరూ కూర్చున్నాక ఆయాసపడుతూ వచ్చింది. ఈ ఆర్కెస్ట్రాలో ఆ వాద్యం ఎన్నడూ లేదు. దాని ఇత్తడి మెరుపు చూసి బాబాయ్ ఆమె కుర్చీని ట్రంపెట్ల పక్కన వేశాడు.

"నా చోటు క్లారినెట్ల దగ్గర, బాబాయ్."

"ఇత్తడిది కదమ్మా?"

"ఒళ్లే ఇత్తడి. పలికేది ఈ పుల్ల," అంటూ నోటి దగ్గరి పల్చటి రెల్లుముక్క చూపించింది.

"ఇన్నేళ్లకి బాబాయ్ ఓ తప్పులో దొరికాడు," అన్నాడు క్లారినెట్ ఆయన, లేచి జరుగుతూ.

బాబాయ్ నలుగురిని లేపి, ఇంకో కుర్చీ తెచ్చి వేసి, స్టాండు అక్కడికి మార్చాడు. ట్రంపెట్ల పక్కన మిగిలిన కుర్చీ తీసేద్దామని వెనక్కి వెళ్లేసరికి దీపాలు తగ్గాయి. ఆర్కెస్ట్రాను నడిపించే సంచాలకుడు వచ్చేశాడు.

ట్రంపెట్ వాయించే ఆయన బాబాయ్ చొక్కా పట్టి లాగాడు. "కూర్చో బాబాయ్. ఇప్పుడు కదిలితే హాలంతా నిన్నే చూస్తుంది."

దూరంగా చివరి వరసలో తన సీటు ఖాళీగా కనిపించింది. కూర్చున్నాడు.

మొదటి స్వరం చెవికి కాదు, అరికాళ్లకు తగిలింది. ముప్పై వయొలిన్ కమాన్లు ఒక్కసారి లేచి, ఆ మూరెడు ఎడంలో ఒకదానికొకటి తగలకుండా తిరిగాయి. బాబాయ్ తన చేతుల వంక చూసుకున్నాడు. అంతలో అన్నీ తగ్గి శాక్సాఫోన్ ఒక్కటే మిగిలింది. ఎవరో తనలో తాను నెమ్మదిగా చెప్పుకుంటున్నట్టుంది. ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా ఆయనకు భయం వేసింది.

చప్పట్లు ఆగకముందే తాళాలు మేనేజరు చేతిలో పెట్టి, ఇంట్లో ఏం చెప్పాలో తెలియక, మెల్లగా వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్తగా చేరిన మనిషి కుర్చీలు తీస్తూ ట్రంపెట్ల దగ్గర ఆగాడు. ప్లాను కాగితంలో లేని కుర్చీ ఒకటి, ముందు స్టాండు లేకుండా, క్లారినెట్ల వైపు కాస్త తిరిగి ఉంది.