నూట పద్నాలుగో పేజీ

అట్టలమ్మను పదకొండేళ్ళుగా ఒకటే ప్రశ్న చెవిలో జోరీగలా తిప్పలు పెడుతోంది. ఆ మర్నాడు మధ్యాహ్నం ఏం జరిగింది?

పుస్తకాలకు అట్టలు వేస్తుంది కాబట్టి అందరూ ఆమెను అట్టలమ్మ అంటారు. షాపు మామగారు పెట్టింది. ఈమె అట్టలు కోసి అంటిస్తుంది, భర్త అక్కగారు కుట్లు వేస్తుంది. ఒకరి చేతికి జిగురు, ఇంకొకరి నోటికి కారం. పాత కాగితాల వేలానికి అట్టలమ్మ మొదట్లో వెళ్ళింది పుస్తకాల లోపలి అతుకులకు గట్టి కాగితం దొరుకుతుందనే. అక్కడ పాత రసీదులు, గోడ ప్రకటనలు, రైలు టిక్కెట్లు, సంతకాలున్న ఉత్తరాలు కట్టలు కట్టలుగా పాటకు పెడతారు. పేరున్నవాడి సంతకానికి జనం ఎగబడతారు. పేరులేనివాడు జీవితమంతా రాసి పెట్టినా తూకానికే పోతుంది. అలా మిగిలిపోయిన ఓ కట్టలో ఆమెకు ఒక లాడ్జి ఫిర్యాదుల పుస్తకం దొరికింది. చింపుదామని తెరిచింది. నాలుగు పేజీలు చదివాక చించడానికి చెయ్యి రాలేదు.

ఆ లాడ్జి ఏడో నంబరు గదిలో తంతి ఆఫీసు గుమాస్తా ఒకడు ఉండేవాడు. డ్యూటీ రాత్రి, నిద్ర పగలు. టెలిగ్రాములు కొట్టీ కొట్టీ అలవాటైపోయిందేమో, ఫిర్యాదు కూడా మాటకింత ఖర్చన్నట్టే రాసేవాడు. "నిద్ర లేదు. ఎనిమిదో గదిలో ముసలమ్మ ఏడుపు. విచారించండి." దాని కింద మేనేజరు ఎర్ర సిరాతో చాంతాడంత జవాబు రాసేవాడు. తమరి నిద్రాభంగానికి మిక్కిలి చింతిస్తున్నామనీ, అయితే ఎనిమిదో గదిలో ఉన్నది ఒకే ఒక్క మగమనిషనీ, ముసలమ్మ ఎవరూ లేరనీ. మర్నాడు గుమాస్తా మళ్ళీ: "నేడు పసిపిల్ల కూడా. మళ్ళీ విచారించండి." ఇలా మూడు వారాలు నడిచింది. నూట పన్నెండో పేజీ అడుగున చివరికి ఇలా ఉంది: "రేపు మధ్యాహ్నం నేనే తలుపు కొడతాను. జరిగింది రాస్తాను."

ఆ తర్వాతి కాగితం లేదు. ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. నూట పదిహేనో పేజీలో ఇంకెవరో దోమల గురించి మొదలుపెట్టారు.

పరాయి మగాడి నిద్ర కోసం పదకొండేళ్ళు తన నిద్ర పాడుచేసుకున్న ఆడది లోకంలో తన మరదలొక్కతేనని వదిన వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పేది. అట్టలమ్మ నవ్వి ఊరుకునేది. ఏ వేలం జాబితా వచ్చినా మాత్రం మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివేది.

ఈ ఏడాది జాబితాలో ఒక పేరుమోసిన రంగస్థల నటుడి సంతకం వచ్చింది. పటం కట్టిన ఒంటి కాగితం. దాని మీద రాసింది జాబితాలో అచ్చు వేశారు: "ఏడో గదివారికి. మీరు తలుపు కొట్టడం మంచిదే అయింది. నిద్ర చెడగొట్టినందుకు మన్నించండి. మీరన్న మాట గురించే ఆలోచిస్తున్నాను." కింద జానెడు సంతకం.

అట్టలమ్మ చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

పాటకు ముందు సరుకు చూపించే రోజున వదినను వెంటబెట్టుకుని వెళ్ళింది. పుస్తకంలో మిగిలిన కాగితపు మొదలు వంకరను పల్చటి కాగితం మీద గీసుకుపోయి, అద్దం మీద ఆనించి చూసింది. కోత వంకరకు వంకర సరిపోయింది. మూల మీద నంబరు నూట పదమూడు. అంటే దాని వెనకవైపు నూట పద్నాలుగు. జరిగింది రాస్తానన్నవాడు రాసే ఉంటాడు. పటం విప్పమని అడిగితే వేలం గుమాస్తా, కాగితాన్ని ఎప్పుడో అట్టకు మొత్తంగా అంటించేశారనీ, వెనకవైపు ఎవరికి కావాలనీ అన్నాడు.

"మాకు కావాలయ్యా. ముందువైపు మీరే ఉంచుకోండి," అంది వదిన.

పాట మొదలయ్యాక అట్టలమ్మ రెండుసార్లు చెయ్యెత్తింది. మూడోసారి ఎత్తే స్తోమత లేదు. సంతకాన్ని ఒక పళ్ళ డాక్టరు పాడుకున్నాడు. ఆయన క్లినిక్కు గోడల నిండా సంతకాలే. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకు చూడటానికి ఏదో ఒకటి ఉండాలిగా అంటాడు.

వారం తిరక్కుండా అట్టలమ్మ పంటి నొప్పని చీటీ రాయించుకుని ఆ కుర్చీలో కూర్చుంది. డాక్టరు దీపం దగ్గరికి లాగి, ఏ పన్నని అడిగాడు.

"పన్ను కాదు డాక్టరుగారూ. ఆ పటం వెనక ఏముందో తెలీక నొప్పి."

తెలిసింది చెప్పింది. ఆయన నవ్వాడు, అంత ఖరీదైన కాగితాన్ని పీకించేంత పిచ్చి తనకు లేదన్నాడు. అట్టలమ్మ వాదించలేదు. సంచిలోంచి పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నిలబడి చదవడం మొదలుపెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముసలమ్మ దగ్గర నవ్వాడు, పసిపిల్ల దగ్గర ఇంకా నవ్వాడు. బయట బుగ్గ పట్టుకుని కూర్చున్నాయన రెండుసార్లు దగ్గాడు. డాక్టరు నూట పన్నెండు అడుగుదాకా వచ్చి పేజీ తిప్పాడు. దోమలు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు.

"సంతకానికి ఏమీ కాకూడదు," అన్నాడు ఆఖరికి.

సాయంత్రానికి పటం షాపు బల్ల మీదికొచ్చింది. అట్టలమ్మ అట్ట అంచున గీకి, ఆ పొడిని నాలుక కొసకు తాకించి చూసింది. మైదా జిగురు. నీళ్ళు చూపిస్తే మీగడలా ఊడివస్తుంది. ఆమె మొహం వెలిగింది. కానీ ముందుజాగ్రత్తగా తడి దూదిని రాతలో ఒక చుక్క మీద అద్దితే, దూది నీలంగా పైకి లేచింది. తడిపితే జిగురుతో పాటు సంతకమూ వదిలిపోతుంది. దాచిపెట్టే విషయం కాదు కాబట్టి డాక్టరుకు చూపించింది. ఇప్పుడే పటం తీసుకుపోతానన్నా తనకు ఒప్పేనంది. ఆయన కాసేపు దూదిని చూశాడు, కాసేపు పుస్తకాన్ని చూశాడు.

"వేరే దారి లేదా?"

ఉంది, చాలా ఓపిక కావాలి. అట్ట అంటే పొరలు పొరలుగా అతికిన కాగితమే కదా. కాగితాన్ని బోర్లా పెట్టి, వెనక నుంచి అట్టనే పొరకో పూట చొప్పున పొడిగా ఒలుచుకుంటూ పోయింది. ఉల్లిపాయ ఒలిచినా ఇంతసేపు పట్టదని వదిన దెప్పింది. దెప్పుతూనే కుట్టుసూది పక్కన పెట్టి వచ్చి చూసిపోయేది. నాలుగో రోజుకు ఆఖరి పొర మిగిలింది. కిటికీకి అడ్డం పెడితే అక్షరాలు కనిపించాయి. వదినే గట్టిగా చదివింది.

"తలుపు కొట్టాను. తీశాడు. ఒక్కడే. నాటకం సాధన. ముసలమ్మ, పసిపిల్ల, రాజు, ముగ్గురూ అతనే. కుర్చీ వేశాడు. మొత్తం చూశాను. ముసలమ్మ నిజం. పిల్ల నిజం. రాజు అబద్ధం. ఆ మాటే చెప్పాను. ఎందుకని అడిగాడు."

అక్కడి నుంచి రెండు వరుసలు అయోమయం. సరిగ్గా వాటి వెనకే సంతకం. ఆ లావు గీతలు అడ్డం పడి ఒక్క అక్షరం తెలియనివ్వడం లేదు.

డాక్టరు కిటికీ దగ్గర మెడ అటు వంచాడు, ఇటు వంచాడు. తర్వాత మెల్లగా, వేరేవాళ్ళ గొంతుతో అన్నట్టు అన్నాడు.

"తడిపేద్దామండీ. సంతకాలు నా దగ్గర ఇంకా నలభై ఉన్నాయి."

అట్టలమ్మ ఆయన మొహంలోకి చూసింది. పదకొండేళ్ళ తన జబ్బు ఈయనకు నాలుగు రోజుల్లో అంటుకుంది. చేతికందే దూరంలో నీళ్ళ గిన్నె ఉంది. తడపమని కాగితం యజమానే అంటున్నాడు.

"రెండువైపులా లాడ్జి బల్ల మీది సిరాబుడ్డి రాతలే అయ్యుంటాయి. అది కరిగితే ఇదీ కరుగుతుంది," అని గిన్నె తీసి వదిన చేతికిచ్చింది.

ఆ పొర కూడా పొడిగానే పోవాలి. కత్తి పెడితే కాగితం చిరుగుతుంది. డాక్టరు వెళ్ళి, గంటలో తన సంచితో తిరిగొచ్చాడు. పళ్ళ మీది గార తీసే సన్న కొక్కేలు, నుదుటికి కట్టుకునే దీపం. అట్టలమ్మ రెండు వేళ్ళతో కాగితం అదిమి పట్టుకుంది. ఆయన గోరంత గోరంత గీకుతుంటే, వదిన ఉఫ్ అని పొడి ఊదింది. అలవాటు కొద్దీ ఆయన మధ్యలో ఒకసారి, నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అంత నవ్వే తీరిక ఎవరికీ లేదు.

చీకటి పడేలోగా రెండు వరుసలూ బయటపడ్డాయి.

"రాజు పక్క గదికి భయపడుతున్నాడని చెప్పాను. గొంతు పెంచమన్నాను."

దాని కింద, "ఫిర్యాదు వాపసు. గది మార్చవద్దు."

అట్టలమ్మ రెండుసార్లు చదువుకుంది. డాక్టరు నుదుటి దీపం ఆర్పడం మరిచిపోయి, గొంతు తగ్గించుకోమని మూడు వారాలు మొత్తుకున్నవాడేనా ఈ మాట అన్నదని తనలో తాను గొణుక్కున్నాడు. అట్టలమ్మకు ఒళ్ళు తేలికైంది. పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆ కాగితాన్ని దాని చోట ఊరికే ఒక్కసారి ఆనించి చూసుకుంది.

వదిన మాత్రం పొడి అంటిన మొహంతో అలాగే నిలబడి ఉంది. పదకొండేళ్ళలో ఆ పుస్తకం గురించి ఆమె ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

"అయితే వాడు మరి నిద్ర ఎప్పుడు పోయాడే?" అంది.