చెంబెడు నీళ్లు

ఈస్టర్ దాటిన వారానికల్లా మగ్దలేనమ్మ వాకిట్లో కుండీల్లోని ఫెర్న్ ఆకులు కొసల నుంచి గోధుమరంగుకు తిరిగేవి. వాటితోపాటు మగ్దలేనమ్మ మోచేతులూ తిరిగేవి. అప్పుడామె బీరువా తాళాలు, ఇత్తడి చెంబు తెచ్చి పక్క వాటాలో ఉండే తోటికోడలు మహిమ చేతిలో పెట్టేది. "పొద్దుమూకినంక చెంబెడు నీళ్లు పొయ్యి మహిమా, వేర్లు ఆరొద్దు" అని చెప్పి, లోపలి అర్రలో చాప పరుచుకుని పడుకునేది. మే నెల వచ్చేసరికి ఎంత ఎండిపోయేదంటే, ఊడ్చేటప్పుడు మహిమ ఆమెను చాపతో సహా ఒంటిచేత్తో ఎత్తి పక్కకు పెట్టేది.

కరీంనగర్‌లో ఆ మిషన్ కాంపౌండ్ చుట్టుపక్కల ఇది ఎవరికీ వింత కాదు. రేషన్ డీలర్ కూడా వేలిముద్ర కోసం పట్టుబట్టేవాడు కాదు. "వానలు పడ్డంక రమ్మను, అన్నీ ఒక్కసారే ఇస్త" అనేవాడు.

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాటి మొదటి వానకు కుండీల్లో సకినం చుట్టినట్టున్న లేత చిగుళ్లు తల ఎత్తేవి. లోపల మగ్దలేనమ్మ కూడా మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని చుట్టుకునేది, మూడు రోజుల్లో మెల్లగా విప్పుకుని, నిగనిగలాడుతూ లేచి కూర్చునేది. ఇక చూడాలి సంబరం. ఎదురింటి చాంద్‌బీ చేపల కూర తెచ్చేది. పాస్టరయ్య ప్రార్థన చేసేవాడు. చర్చి ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఆమె చేతులు తడిమి మురిసిపోయేవాళ్లు.

ఆ కూరగిన్నెలన్నీ ఎవరు తోమేవాళ్లు? మహిమ. ఆ రెండు నెలలూ నల్లా దగ్గర ఇద్దరి వంతు నీళ్లు పట్టేదీ, చర్చి బల్లగుడ్డలు ఉతికేదీ మహిమే. పెళ్లై వచ్చిన ఇరవై రెండేళ్లలో ఆమె ఒక్కరోజు మంచం పట్టలేదు. పడుకుంటే కదా లేచిందని సంబరపడేది. ఎప్పుడూ నిలబడే ఉన్న మనిషిని ఎవరు పలకరిస్తారు? మహిమ కడుపు రగిలిపోయేది.

పోనీ ఆ మొక్కలైనా ఊరుకుంటాయా. చలికాలంలో ఆకుల అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు పొడిచేవి. వాటి నుంచి పొడి రాలి మహిమ ఆరేసిన చీరలకు అంటేది. తుప్పు, తుప్పు అని తిట్టుకుంటూ ఆమె దాన్ని బట్టలబండ దగ్గర దులిపేది. బండ సందుల్లో పచ్చగా పాచిలాంటిది పుడితే కొబ్బరిపీచుతో రుద్ది పారేసేది.

ఆ ఏడు మగ్దలేనమ్మ చాప ఎక్కిన వారానికి మహిమ కూతురు ఆరాధనకు సంబంధం కుదిరింది. అబ్బాయి తరఫువాళ్లు ప్రధానం మే నెలలో పెట్టుకుందామన్నారు.

"గప్పుడొద్దవ్వా" అంది ఆరాధన తల్లితో. "పెద్దమ్మ పండుకోనుంటది. ఆమె లేచినంక పెట్టుకుందాం."

"నేను మేలుకోనే ఉంట గద బిడ్డా."

"నువ్వు ఎప్పటికీ ఉంటవు గదవ్వా" అంది ఆరాధన ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆ పూట మహిమకు అన్నం సయించలేదు. మర్నాడు మధ్యాహ్నం, వాకిలి కడగాలని తనకు తానే చెప్పుకుని, ఫెర్న్ కుండీలు ఆరింటినీ ఒక్కొక్కటే డాబా మీదికి మోసింది. కరీంనగర్ ఎండ తెలిసినవాళ్లకు అంతకంటే చెప్పక్కర్లేదు. చెంబు బోర్లించి గూట్లో పెట్టింది. మొదటి సాయంత్రం అలవాటుకొద్దీ చెయ్యి చెంబు దాకా వెళ్లింది. రెండో సాయంత్రం వెళ్లలేదు.

మిరుగం వచ్చింది, వాన పడింది. మగ్దలేనమ్మ లేవలేదు. చాంద్‌బీ కూరగిన్నె పట్టుకుని గడపలో నిలబడింది.

"లేచిందా మహిమా?"

"ఇంకా లేవలే."

"గింత వాన పడె, ఇంకెప్పుడు లేస్తది?"

మూడో రోజుకు ఆరాధన చాప పక్కన కూర్చుని ఏడవసాగింది. "అవ్వా, రోజూ నీళ్లు పోసినవా?"

మహిమ డాబా మీదికి పరుగెత్తింది. వానకు కుండీల్లో మట్టి తడిసినా, వేర్లు పట్టుకుంటే పీచులా ఊడి చేతికొచ్చాయి. ఈ మనిషి లేవకపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో, ఇప్పుడు నిజంగానే లేవకపోయేసరికి ఊడిన వేర్లను మళ్లీ మట్టిలో కుక్కసాగింది. ఆమె లేకపోతే ఇక ఎవరిని చూసి కుళ్లుకోవాలో కూడా తెలియలేదు.

కిందికి దిగి బట్టలబండ మీద కూలబడింది. అప్పుడు కనిపించింది. బండ సందులో, కొబ్బరిపీచు అందని మూలన, గోరంత పచ్చరేకుల మధ్య నుంచి ఒక పిల్ల ఫెర్న్ చుట్ట విప్పుతోంది. తను తిట్టి దులిపిన తుప్పే, తను ఉతికిన నీళ్లు తాగి మొలిచింది. మహిమ తలపిన్నుతో దాన్ని వేరు తెగకుండా పెకలించి కుండీలో నాటింది. మగ్దలేనమ్మ చాప పక్కన ఆ కుండీ పెట్టుకుని, పూటకో చెంబు నీళ్లు పోస్తూ, ముద్ద ముట్టకుండా కూర్చుంది. మూడో నాటికి మగ్దలేనమ్మ మోకాళ్లు కదిలాయి.

ఆమె లేచిందని చూడ్డానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మగ్దలేనమ్మ నెమ్మదిగా అంది. "డాబా మీద ఎండ మస్తుంటది మహిమా."

మహిమ తల దించుకుంది. "నాకు కడుపుమంట అక్కా. నిన్ను అందరు అడుగుతరు. నన్నెవ్వరు అడుగరు."

"నువ్వెన్నడన్న పండుకుంటే గద అడుగుతందుకు."

ఆరాధన ప్రధానం అయింది, పెళ్లీ అయింది. వానలు వెళ్లేసరికి పిల్ల ఫెర్న్ కుండీ నిండా అల్లుకుంది. ఒకనాడు మగ్దలేనమ్మ దాన్ని పైకి తీసి, వేరును రెండుగా చీల్చి, ఒక సగం కొత్త కుండీలో పెట్టి మహిమ గడప పక్కన ఉంచింది. అది ఎండితే తనూ ఎండి పడుకోవాలని మహిమకు తెలుసు. వద్దనలేదు.

మళ్లీ ఈస్టర్ దాటింది. మగ్దలేనమ్మ తన కుండీని స్నానాల గది నీడలో, కారే నల్లా కింద పెట్టుకుంది. అది ఎండలేదు, ఆమె కూడా ఎండలేదు. మహిమ మోచేతులు మాత్రం గోధుమరంగుకు తిరిగాయి. చెంబు తీసుకెళ్లి ఇచ్చేటప్పుడు ఆమె ఒక పట్టాన వదల్లేదు. ఆ చెంబుతో ఏం చేయొచ్చో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు.

"పోస్తవా అక్కా?"

"పండుకో" అంది మగ్దలేనమ్మ.

మహిమ భయపడుతూనే పడుకుంది.

తర్వాత చెవిన పడింది వాన చప్పుడు. ఆ వెనకే చాంద్‌బీ గొంతు. "మహిమ లేచిందా?" ఇంకాసేపటికి పాస్టరయ్య అడిగాడు. అత్తగారి ఊరు ధర్మపురి నుంచి బస్సెక్కి వచ్చిన ఆరాధన చెప్పులైనా విడవకుండా అడిగింది. "అవ్వ ఇంకా లేవలేదా పెద్దమ్మా? నీళ్లు రోజూ పోసినవా?"

"పోసిన బిడ్డా. ఒక్క పొద్దు తప్పలే."

మహిమకు అన్నీ వినబడుతున్నాయి. కళ్లు తెరవొచ్చు. కానీ ఇంకొక్కరు అడిగితే విని లేద్దామని, ఆమె అలాగే చుట్టుకుని పడుకుంది.