అంతేనా?

ఉప్పునీళ్ళు పుక్కిలించి, గొంతు సవరించుకుని ఆమె శిక్షణ గదిలోకి అడుగుపెట్టింది. ఇవాళ ఎవరి మీద అరవాలో ఇంకా తెలియదు గానీ, అరవాలి. అదే ఆమె ఉద్యోగం. తగాదాలు తీర్చే మధ్యవర్తి పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ ఎదుట కూర్చుని ఉత్తుత్తి తగాదా పడటం, వాళ్ళు తప్పు మాట అంటే రెచ్చిపోవడం, ఒప్పు మాట అంటే మెత్తబడటం. వచ్చిన ప్రతి జట్టూ ఆమెకు గయ్యాళమ్మ అనే పేరే పెట్టి పోతుంది. నిజానికి ఇంట్లో ఆ మనిషి పిల్లిని కూడా గట్టిగా అదిలించదు. నోరంతా ఆఫీసుకే ఖర్చయిపోతోందని చెల్లెలు ఎగతాళి చేస్తూ ఉంటుంది.

ఇవాళ పొద్దున మాత్రం చెల్లెలు ఎగతాళి చెయ్యలేదు.

చెల్లెలు పనిచేసే బట్టల కొట్టులో ఒక టైలరున్నాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. పోయిన నెల ఇంటికొచ్చి, మీ చెల్లెలిని పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. అప్పుడు చెల్లెలు ఇంట్లో లేదు. చెల్లెలికి ఆ ఉద్దేశం లేదని అక్కే జవాబు చెప్పి, కాఫీ ఇచ్చి మరీ పంపేసింది. ఆ ఊసు మళ్ళీ ఇంట్లో ఎత్తలేదు. నిన్న కొట్టులో అతని నోటి నుంచే సంగతి బయటపడింది.

పొద్దున గిన్నెలు తోముతూ మొదలుపెట్టిన చెల్లెలు, తడి చేతులతోనే ఇవతలకు వచ్చి మనసులో ఉన్నదంతా కక్కేసింది. అక్క మధ్యలో అడ్డు రాలేదు. కోపంలో ఉన్నవాళ్ళు చెప్పింది వాళ్ళకే తిరిగి చెప్పి, సరిగ్గా విన్నామో లేదో అడగాలని శిక్షణలో సైకాలజీ మేడం నేర్పుతుంది. ఏళ్ళ తరబడి విని విని ఆ పద్ధతి ఆమె నాలుకకు పట్టేసింది.

"నిన్ను అడక్కుండా జవాబు చెప్పేశానని నీకు బాధగా ఉంది. అంతేనా?"

చెల్లెలు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఆ. అంతేలే అక్కా."

ఆ తర్వాత గొంతు పెంచలేదు. సాయంత్రం హాస్టలుకు వెళ్ళిపోతున్నానని, తాళం పక్కింట్లో ఇస్తానని చెప్పి మళ్ళీ గిన్నెల ముందు కూర్చుంది. తను ఎక్కడ తప్పిందో, ఏం చెబితే చెల్లెలు ఆగుతుందో తేలకుండానే అక్క పనికి వచ్చేసింది.

ఇవాళ్టిది ఇరుగుపొరుగుల మధ్య గోడ తగాదా. మధ్యవర్తిగా కొత్త వకీలు ఒకాయన కూర్చున్నాడు. కూర్చుంటూనే, కాస్త శాంతించండమ్మా అన్నాడు. ఇంకేముంది, ఆమె బల్ల చరిచి, గోడ పుట్టినప్పటి నుంచీ జరిగినదంతా ఏకరువు పెట్టింది. వెనకాల కూర్చున్నవాళ్ళు నవ్వుకున్నారు. వకీలు చెమట తుడుచుకుని కాగితం వైపు చూశాడు.

"మీ గోడకు ఆయన మిమ్మల్ని అడక్కుండా మేకు కొట్టాడని మీ బాధ. అంతేనా?"

ఆమె మళ్ళీ బల్ల చరవబోయి చెయ్యి దించేసింది. ఇంతోటి దానికేనా అన్నట్టు వినబడింది ఆ మాట. పొద్దున చెల్లెలి ముఖం గుర్తొచ్చింది.

మేడం వెనక నుంచి అందుకుంది. "సరిగ్గా విన్నానా అని మీరు అడుగుతున్నారు. ఇంతేనా నీ ఏడుపు అని ఆవిడకు వినిపిస్తోంది. కోపంలో ఉన్న చెవికి చెడ్డదే ముందు వినబడుతుందండీ. ఆ మాట వదిలేసి, కోపం కింద ఏ భయం ఉందో అడగండి."

వకీలు కాగితం పక్కన పెట్టాడు. "అమ్మా, అసలు మీ భయం ఏమిటి?"

గోడ బీటలు వారుతుందని చెప్పాలి. అదే పాఠం.

"ఒక్కదాన్నే మిగిలిపోతానని," అంది ఆమె.

నటన బ్రహ్మాండంగా ఉందని ఎవరో చప్పట్లు కొట్టారు. మేడం కొట్టలేదు. దగ్గరికి వచ్చి, ఇంటికి వెళ్ళమని మెల్లగా చెప్పింది.

బస్సులో ఆమె మాటలు కూడగట్టుకుంది. నువ్వు వెళ్ళిపోతావని భయపడి నీ బతుక్కి అడ్డం పడ్డాను, తప్పు నాదే. అంతవరకూ చెప్పి నోరు మూసుకోవాలి. డ్రైవరు ప్రతి స్టాపులోనూ తాపీగా ఆపుతుంటే ఆమెకు ప్రాణం విసిగిపోయింది. దిగి, పరుగులాంటి నడకతో సందు దాటి మెట్లెక్కింది.

పక్కింటావిడ తాళం చేతికిచ్చి, ఇప్పుడే వెళ్ళిందని చెప్పింది.

ఇల్లు ఊడ్చి ఉంది. అలమరలో చెల్లెలి అర ఖాళీగా ఉంది. కిటికీ గట్టు మీద మాత్రం చెల్లెలి కళ్ళజోడు కనిపించింది. అది లేకపోతే ఆ పిల్లకు బస్సు నంబరు కూడా కనబడదు. ఆమె మెట్ల మీదికి పరుగెత్తి, ఏ శిక్షణ గదిలోనూ రాని గొంతుతో అరిచింది.

"కళ్ళజోడు లేకుండా ఎలా పోయావే, బుద్ధిలేనిదానా! నన్నొదిలేసి ఎలా పోయావే!"

కింది వాటాల తలుపులు తెరుచుకున్నాయి. జవాబు చెప్పాల్సిన మనిషి వాటిలో ఎక్కడా లేదు. ఆమె తిరిగి లోపలికి వచ్చి కిటికీ పక్కన చతికిలబడి, చాలాసేపు ఏడ్చింది.

ఏడుపు తెరిపినిచ్చాక కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది. చెల్లెలు మరిచిపోయిందో, కావాలనే వదిలిందో తెలియలేదు. కాడ ఎప్పుడు విరిగిందో కూడా ఆమెకు తెలియదు. విరిగినచోట బట్టలు కుట్టే ఎర్రదారం, పనితెలిసిన చెయ్యి చుట్టినట్టు, వరుస తప్పకుండా చుట్టి ఉంది.