ఆవు బొమ్మ బిస్కెట్లు

గుడ్డు పొడి, ఇంత చిన్న అక్షరాల్లో వేస్తే చీమలు చదువుకోవాలి గానీ మనుషులు చదువుతారా, పైగా ఈ బస్సు కుదుపులకి అక్షరాలు ఎగురుతున్నాయి, మళ్లీ చూస్తాను, గోధుమపిండి, పంచదార, పాలపొడి, గుడ్డు పొడి, మారలేదు, ఇంగ్లీషు పక్కనే హిందీ ఉంది, తెలుగు మాత్రం ఒక్క ఒత్తు కూడా లేదు, పైన చక్కగా ఆవు బొమ్మ, ఆ ఆవుని చూసే కదా పొద్దున రాజమండ్రి బస్టాండులో అత్తయ్యగారు గుడ్డు కలపరు కదే హైమా అంటే, లేదండీ పాల బిస్కెట్లండీ అని తడుముకోకుండా చెప్పేశాను, షుగర్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో ఉండకూడదని బలవంతం కూడా చేశాను, రెండు తిన్నారు, అన్నవరం వెళుతూ, మా చేత వ్రతం చేయిస్తానని మొక్కుకున్న మనిషి, సంచిలో మడిబట్టతో సహా, నా నోరు పడిపోను.

వెనక సీట్లో ఈయనకి ప్యాకెట్ చూపిస్తే గొంతు తగ్గించి, ఊరుకోవే, తెలియక తింటే పాపమేంటి, చెప్పావంటే జగ్గంపేటలో దిగిపోయి తిరుగు బస్సెక్కుతుంది మా అమ్మ, అన్నారు, నిజమే, అంత పనీ చేస్తారు, పోనీ ఊరుకుంటే, ఊరుకుంటే ఏమవుతుంది, ఎవరికీ ఏమీ కాదు, కిటికీ పక్కన అత్తయ్యగారు హాయిగా బోర్డులు చదువుకుంటున్నారు, ఇచ్చట టైర్లకు గాలి పట్టబడును, ఎరువులు పురుగుమందులు, ఎస్టీడీ జిరాక్స్, పైకే చదువుతారు, తెలుగక్షరం కనబడితే వదలరు, శనగలు కట్టిన కాగితం కూడా విప్పి చదివాకే పారేస్తారు, అలాంటి మనిషి మాత్రలూ సబ్బులూ పౌడరు డబ్బాలూ అటూ ఇటూ తిప్పి, ఏంటో రాశాడు చూడవే అని నా చేతిలో పెడతారు, నేనేమో కూర కలుపుతూ, జడేసుకుంటూ, పెద్దక్షరాలు మాత్రం చూసి ఏదో చెప్పేస్తాను.

అయ్యో, ప్యాకెట్ ఇలా ఇవ్వవే అని నా ఒళ్లోంచి తీసుకుని పక్క సీటు ముసలావిడకి అందిస్తున్నారు, ఆవిడా అన్నవరమేనట, ఒంటిపూట ఉపవాసమట, చెయ్యి చాచబోయి ఆగింది, వద్దండీ, వీటిల్లో గుడ్డేస్తారంటారు, అంది, దానికి అత్తయ్యగారు నవ్వి, నిక్షేపంలా తినండమ్మా, మా కోడలు చదివి చెప్పిందండి, ఇంగ్లీషు గడగడా చదివేస్తుంది, అన్నారు, ఎంత గర్వంగా అన్నారో, ఆ ముసలావిడ నా మొహంకేసి చూసింది, బొట్టూ గాజులూ చూసి నమ్మింది, బిస్కెట్ తీసుకుంది, ఈయన వెనకనుంచి నా భుజం నొక్కుతున్నారు, ఊరుకో అని, ఊరుకోవడం ఎలా, ఆ కంపెనీవాడు తెలుగులో రాయలేదు సరే, వాడిని తిట్టుకోవచ్చు, కానీ వీళ్లిద్దరికీ ఈ ప్యాకెట్ మీద కనబడే తెలుగు ఒక్కటే ఉంది, అది నేను చెప్పిన మాట, అదే తప్పు.

తినకండమ్మా, ఆగండి, అత్తయ్యగారూ, వాటిల్లో గుడ్డుందండి, నేను చదవకుండా చెప్పానండి.