మూడు రూపాయల డచ్చి నాణెం

తక్కువ డబ్బుతో పాత నాణేలు ఎలా ఏరుకోవాలో నాకు నేర్పినవాడు దాలయ్య. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక గోడవారగా గోనెపట్టా పరిచి, పాత తాళాలు, ఇత్తడి మరలు, వాటి మధ్య ఒక సత్తు పళ్ళెంలో నాణేలు పెట్టుకుని కూర్చునేవాడు. నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాని. ఈ సరదాకి నెలకి అయిదు రూపాయలు మించకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను.

"ఎండి జోలికి ఎల్లకండి బాబూ. అయిదు రూపాయలకి ఎండి ఇచ్చినోడు దొంగన్నా అవ్వాల, అది దొంగెండన్నా అవ్వాల," అనేవాడు. "రాగి సూడండి. సమచ్చరం కనబడాల. అంచు నలిగుండకూడదు. సింతపండెట్టి తోమీసినవి అసలొద్దు, ఆ నలుపే దాని ఒయసు. అరిగిపోనాయి అయిదు కొనీకన్నా సుబ్బరమైంది ఒకటి కొనుక్కోండి."

1976లో, వానలు వెనకబట్టాక, అతని దగ్గర డచ్చివాళ్ళ రాగి నాణెం ఒకటి కొన్నాను. భీమిలి ఇసుకలో దొరికిందట. ఒక పక్క వాళ్ళ కంపెనీ గుర్తు, కింద 1790 అని స్పష్టంగా ఉంది. మూడు రూపాయలు. అలాంటివి అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయని కూడా దాలయ్యే చెప్పాడు. మర్నాడు నేనూ నా భార్య తాయారూ నిడదవోలులో వాళ్ళ పుట్టింటికి ప్రయాణం. మా బావమరిదికి చూపిద్దామని నాణేన్ని చొక్కా జేబులో వేసుకున్నాను.

రాజమండ్రి దాటి రైలు వంతెన ఎక్కేసరికి నేను కునుకు తీస్తున్నాను. చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. తాయారు సంచీలో ఉన్నవన్నీ తేలికపాటి అల్యూమినియం బిళ్ళలే. గోదావరికి రాగే ఇవ్వాలని వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట. నా జేబు తడిమింది.

"ఏవండీ, లేవండీ! మీ జేబులో రాగి పైసా దొరికింది. గోదారమ్మకి రాగి వేసి ఎన్నేళ్ళయిందో! మీ పేరు కూడా చెప్పి వేసేశాను," అంది, నీళ్ళకి దండం పెడుతూ.

లేచి జేబు చూసుకున్నాను. అదేమిటో చెప్పాను. ఆమె చేతులు దండం దగ్గరే ఆగిపోయాయి.

"అయ్యో! ఎంతుంటుందండీ?"

"వెయ్యి," అన్నాను. "వెయ్యి పెట్టినా మళ్ళీ దొరకదు."

నిద్ర చెడిన చిరాకు కొంత, పోయిందన్న కడుపుమంట కొంత. నొప్పించాలనే అన్నాను. అప్పటికి నా జీతం నాలుగు వందల చిల్లర. పుట్టింట్లో ఉన్న రెండు రోజులూ ఆమె సరిగా అన్నం తినలేదు. కోపం చల్లారాక నిజం చెబుదామనుకున్నాను. చల్లారాక సిగ్గేసింది.

ఆ తర్వాత తాయారు నా జేబుల్లో చెయ్యి పెట్టడం మానేసింది. అంతకు ముందు బట్టలు ఉతికే ముందు చిల్లర, టిక్కెట్లు తనే తీసి బల్ల మీద పెట్టేది. ఇప్పుడు చొక్కా తెచ్చి నా చేతికిచ్చి, "ఓసారి చూసుకోండి," అనేది. కోపంతో కాదు, భయంతో.

రెండేళ్ళకి దాలయ్య పళ్ళెంలో మళ్ళీ డచ్చి నాణెం కనిపించింది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి ఇల్లు ఖాళీ చేసిన ముసలమ్మ ఎవరో అమ్మిందట. రెండున్నరకి ఇచ్చాడు. ఇది చేతిలో పెట్టి, నవ్వుతూ అంతా చెప్పేద్దామని ఇంటికి వెళ్ళాను. నాణెం చూడగానే తాయారు మొహం పాలిపోయింది.

"మళ్ళీ వెయ్యి పోశారా?"

అంత బెదిరిపోయిన మనిషికి, దాని ఖరీదు రెండున్నర అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "దాలయ్య ఊరికే ఇచ్చాడు," అన్నాను.

ఆమె నాణేన్ని కళ్ళకద్దుకుంది. "ఎంత మంచి మనిషండీ!" అంది. దాన్ని నా పెట్టెలో పెట్టనివ్వలేదు. పూజ గూట్లో పెట్టింది. శుక్రవారం దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండుతో తోమింది. రెండు వందల ఏళ్ళ నలుపు పోయి తళతళలాడింది. నేను ఒక్క మాటా అనలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగా చేసిన పని అదొక్కటే.

అప్పటినుంచి ప్రతి పండక్కీ దాలయ్యకి పూర్ణం బూరెలు వెళ్ళేవి. ఆకులో చుట్టి నాకిచ్చేది. మోసుకెళ్ళేవాణ్ణి నేనే.

1983లో ఆమె ఆస్పత్రిలో ఉంది. ఒక సాయంత్రం, "దసరా దాటిపోయింది. దాలయ్యకి ఏమీ పంపలేదు. ఏదైనా మిఠాయి కొనివ్వండి," అంది. నర్సు బయటికి వెళ్ళింది. పక్క మంచం ఖాళీ. చెప్పడానికి అర నిమిషం చాలు. నేను "అలాగే" అని, ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దాను. మూడో రోజున పోయింది.

కర్మకాండ అయ్యాక మిఠాయి పొట్లం పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాను.

"ఏటి బాబూ, ఈసారి కొట్టు సరుకు తెచ్చినారు? అమ్మగారితో తగువాడినారేటి?" అన్నాడు దాలయ్య.

చెప్పాను. చేతిలో తాళం కింద పెట్టేశాడు. "తప్పుగా అనుకోకండి, ఒక్క మాటడుగుతాను. ఆయమ్మ నాకెందుకు పంపీవోరు? మా ఇంటిది కూడా అడిగీది. నానేటి సేసినానని?" అన్నాడు.

ఏడేళ్ళు తాయారుకి చెప్పలేనిదంతా అతనికి చెప్పాను. వంతెన మీద అన్న వెయ్యి, అతను ఊరికే ఇచ్చాడన్న మాట, అన్నీ.

"అయితే నాను తిన్నవి నాయి కావన్నమాట," అన్నాడు. నవ్వబోయి మానేశాడు. "రెండున్నర ఇచ్చినారు బాబూ మీరు. రెండంటే రెండుకే ఇచ్చీవోన్ని. ఈ ముక్క ఆయమ్మకి సెప్పీసుంటే మిమ్మల్ని నాలుగు దులిపీసి, నవ్వీసి ఊరుకునీవోరు కదా!"

"అవును," అన్నాను. తాయారు సరిగ్గా అదే చేసేది.

ఎవరో వచ్చి తాళం ధర అడిగారు. దాలయ్య అటు చూడకుండా పట్టా మీది సామాను కాస్త అవతలికి జరిపి, "కూకోండి బాబూ," అన్నాడు. కూర్చున్నాను.