తాళం పుచ్చుకోని పిల్ల

ఆమ్నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను. మేనత్త పిలిచి ఇల్లు ఇస్తానంటుంటే పుచ్చుకోవడానికి మొహమాటపడే మనిషిని ఆ పిల్లనే చూశాను.

ఆ మేనత్త మా పక్కింటి ఫకృన్నీసమ్మ. పటాన్‌చెరులో మా గోడకు ఆనుకునే ఆమె రెండు గదుల ఇల్లు. భర్త పోయాడు, పిల్లల్లేరు, కుట్టుమిషను మీద బతికింది. గుండెకు ఆపరేషన్ అన్నప్పటి నుంచీ ఆమెకు ఒకటే బెంగ. తను పోతే మరిది కొడుకు కాషిఫ్ ఇల్లు అమ్మేస్తాడు. జ్వరమొస్తే గంజి కాచి తాగించిన ఆమ్నా మాత్రం ఇంద్రేశంలో కిరాయింట్లోనే ఉండిపోతుంది. అందుకే దవాఖానకు బయల్దేరేముందే ఇచ్చేయాలనుకుంది.

బతికుండగానే ఇలా ఇచ్చేయడాన్ని వాళ్లలో హిబా అంటారు. సాక్ష్యానికి నన్ను కూడా పిలిచారు కాబట్టి మసీదు పెద్ద సాదుల్లా సాబ్ తెలుగులోనే చెప్పాడు.

"ఇచ్చేటామె ఇచ్చిన అనాలె. తీసుకునేటామె తీసుకున్న అనాలె. ఇల్లు చేతికి రావాలె. ఈమె గడప దాటి బయటికి పోవాలె, ఆమె లోపల నిలబడాలె. తీసుకునేటోళ్లు తీసుకోకుంటే ఇచ్చుడు ఉత్త మాటనే."

ఫకృన్నీసమ్మ "ఇచ్చిన బిడ్డా" అని తాళంచెవి చాచింది. ఆమ్నా చేతులు చున్నీలో దాచుకుంది.

"ఇప్పుడెందుకు ఫుప్పూ? నీ దగ్గర్నే ఉండనీ. మంచిగై వచ్చినంక చూద్దాం."

"మంచిగ కాకుంటే?" అన్నాను. నోరు జారింది, ఏం చేయను!

"తౌబా! గవేం మాటలు వనజక్కా? ఫుప్పూ దవాఖానకు పోతుంటే నేను తాళం గుంజుకోవాల్నా? ఆమెను గడప దాటించి నేను ఇంట్ల నిలబడాల్నా? నాతోని కాదు."

వాళ్లింట్లో పెద్దలు ఏదిచ్చినా ముందు వద్దనాలి. పండక్కి ఈదీ డబ్బులిచ్చినా, పళ్లెంలో ఇంకో ముక్క వేసినా అంతే. అది మర్యాద. ఆ మర్యాదే ఇవాళ కొంప ముంచేలా ఉంది.

ఇంతలో ఆటో వచ్చింది. దాని వెనకే కాషిఫ్ బండి.

"బడీ అమ్మీ, తాళం నాకియ్యి. నువ్వొచ్చేదాంక ఇల్లు నేను చూసుకుంట" అన్నాడు దిగీదిగకముందే.

ఫకృన్నీసమ్మ పిడికిలి బిగించింది. "ఆమ్నా, నా తస్బీ మంచం మీద మర్చిపోయిన, జెర తే బిడ్డా" అంది. ఆమ్నా లోపలి గదిలోకి వెళ్లగానే ముసలామె గోడ పట్టుకుని గడప దాటింది. తలుపు దగ్గరగా లాగి, మునివేళ్లతో కొట్టింది.

ఆమ్నా జపమాలతో పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది. "ఎందుకు కొడ్తున్నవ్ ఫుప్పూ?"

"వేరేటోళ్ల ఇంట్లకు అడగకుంట వస్తరా? లోపలికి రావచ్చునా?"

"ఏంది ఈ తమాషా? అది నీ ఇల్లే గద!" అని అరిచాడు కాషిఫ్.

"కాదు బేటా. ఇల్లుగలామెను అడుగుతున్న."

ఆమెకు ఆయాసం వస్తోంది. ఒప్పుకోవే తల్లీ, నీ మర్యాద తగలెయ్య, అని లోపల్లోపల ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

ఆమ్నా జపమాలను ఎడమచేతిలోకి మార్చి, కుడిచేయి చాచింది. "తీసుకున్న ఫుప్పూ" అంది ఏడుస్తూ. "రా, నా ఇంట్లకు రా."

తాళంచెవి చేతిలో పడింది. అత్తను పట్టుకోబోయి ఆమ్నా ముందుకు అడుగేసింది. "లోపలనే ఉండు బిడ్డా, ఆటో పొయ్యేదాంక" అన్నాడు సాదుల్లా సాబ్. కాషిఫ్ పెద్దాయన ముఖం చూసి, బండి పక్కకు తీశాడు.

ఏనాడూ అత్తను ఒంటరిగా మెట్టు దిగనివ్వని పిల్ల గడప లోపలే నిలబడిపోయింది. ఫకృన్నీసమ్మను నేనే పట్టుకుని ఆటో ఎక్కించాను. ఆమె తల బయటికి పెట్టి పిలిచింది.

"ఆమ్నా, కిటికీ కాడి మంచం జెర నాకు ఉండనిస్తవా?"